శాలువా కన్నా ముందు దారిఖర్చు

నిజామాబాద్

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నాందేడ్ బడులకు పిల్లల రచయితలను పిలుస్తున్నావని చదివి సంబరపడ్డాను. ఒక్కరోజే ఆరు బడులు తిప్పుతావని మీ తమ్ముడు చెప్పాక మాత్రం గుబులు పట్టుకుంది. వద్దమ్మా. రోజుకు ఒక బడి, మరీ ఆశగా ఉంటే రెండు. మైదానంలో బడినంతా కూర్చోబెట్టి మైకు పెడితే అది సభే అవుతుంది. ఒక్క తరగతి పిల్లలు రచయిత చుట్టూ చేరితే చాలు.

డబ్బు సంగతి ముందే తేల్చు. ఇది నా పిచ్చి అనుకున్నా సరే. మెట్‌పల్లి వాసాల నర్సయ్య గారు పోస్టాఫీసులో పనిచేస్తూనే పిల్లలకు రాశారు, 2017లో సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం అందుకున్నారు. పిల్లలకు రాసేవాళ్లలో అట్లాంటి నౌకరీదారులే ఎక్కువ. నీ బడికి రావాలంటే ఒక సెలవు పోతుంది. మనమేమో శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, దండం పెట్టి పంపిస్తాం!

ధర్మాబాద్ వైపు ఒక బడిలో నేను చదువుతున్నప్పుడు, అంటే 1956లో రాష్ట్రాల గీత గీసి నాందేడ్‌ను అటు, మనల్ని ఇటు చేయకముందు, ఒక కథల పంతులు వచ్చాడు. ఊరి పెద్దలంతా మాట్లాడాక ఆయన వంతు వచ్చేసరికి ఇంటి గంట కొట్టారు. పిల్లలం ఆయన గొంతు కూడా వినలేదు. సాయంత్రం స్టేషన్‌లో చూస్తే భుజాన శాలువా ఉంది, జేబులో టికెట్టు పైసలు లేవు. మీ తాత సంగతి నీకు తెలిసిందేగా, ఏమీ అడక్కుండా టికెట్టు కొనిచ్చాడు. బండి వచ్చేదాకా ఆయన నాకొక్కడికే నక్క కథ చెప్పాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అందుకే రానుపోను చార్జీ, భోజనం, ఇంత పారితోషికం కవర్లో పెట్టి, రచయిత రిక్షా దిగగానే ఇచ్చెయ్. చివర్లో ఇస్తానంటే చివర్లో ఎవరూ దొరకరు. శాలువా కొనే డబ్బుతో ఆయన పుస్తకాలే కొని తరగతిలో పెట్టు.

నువ్వు వేళకు తింటున్నావా? మొన్నటి ఫోటోలో చిక్కినట్టున్నావు.

అక్కడి మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవలేకపోయినా చెవికి తెలుసు. తెలుగు రచయిత వస్తే కాగితం చూడకుండా నోటితో చెప్పమను. మరాఠీ ఆయన వస్తే, ఆయన కథ ఒకటి వారం ముందే తరగతిలో చదివించు. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాలు వేసే బాలభారతి వాళ్లు 1971 నుంచి తెస్తున్న పిల్లల పత్రిక 'కిశోర్' పాత సంచికలు బడి బీరువాలో ఉన్నాయేమో వెతుకు. కథ తెలియని పిల్లలు ఏం అడుగుతారు? మీ వయసెంత అని అడుగుతారు.

తేదీ ఏప్రిల్ 2 అని రాశావు. పిల్లల కథల అండర్సన్ పుట్టినరోజే, కాదనను. కానీ డెన్మార్క్‌లో పుట్టినాయనకు మరాఠ్వాడా ఎండ ఏం తెలుసు? పైగా పరీక్షల కాలం. దానికన్నా మరాఠీ పిల్లల రచయిత సానే గురూజీ పుట్టినరోజు మేలు, డిసెంబర్ 24. ఆ చలికి పిల్లలు నీరెండలో ఒద్దికగా కూర్చుంటారు, గురువులూ కాదనరు.

తేదీ ఖాయమైతే రాయి, నేనూ వస్తాను. వెనక బల్ల మీద కూర్చుంటాను. పెద్దమ్మ కారప్పొడి పంపుతానంటోంది, డబ్బా తిరిగి పంపడం మరిచిపోకు.

మీ పెద్దబాపు