పేరు తెలిసిన వేదన

పాఠ్యభాగ సందర్భం

దేహానికి వచ్చిన జబ్బును ఇరుగుపొరుగు వారితో చెప్పుకొనే మనిషి, మనస్సుకు వచ్చిన జబ్బును ఇంటివారికి సైతం చెప్పుకోలేడు. ఆ మౌనాన్ని వీడి, తన వ్యాధిని తానే తెరపై నటించి చూపిన అమెరికా నటి పాటీ డ్యూక్ జీవితాన్ని ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

పాటీ డ్యూక్ అసలు పేరు ఆనా మేరీ. 1946 డిసెంబరు 14న న్యూయార్క్ నగరంలో జన్మించింది. తండ్రి మద్యానికి బానిస. తల్లి మనోవ్యథతో కుంగిపోయేది. ఆమె నటనా వ్యవహారాలు చూసే దంపతులు చిన్ననాడే ఆమెను తమ ఇంట ఉంచుకొని, పేరు కూడా మార్చారు. ఆనా మేరీ అనే బాలిక ఇక లేదన్నట్లే వారు వ్యవహరించారని ఆమె అనంతర కాలంలో వెల్లడించింది.

1959లో 'ది మిరకిల్ వర్కర్' నాటకంలో ఆమె హెలెన్ కెల్లర్ పాత్ర ధరించింది. చూపు, వినికిడి లేని ఆ బాలికకు, చేతిపై నీరు పడుతుండగా ప్రతి వస్తువుకూ ఒక పేరున్నదని తెలిసివచ్చే ఘట్టం ఆ కథకు ప్రాణం. 1962లో వచ్చిన చలనచిత్రంలోనూ అదే పాత్ర పోషించి, 16 ఏళ్ల వయస్సులో ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ పురస్కారం పొందింది.

కీర్తి పెరిగిన కొద్దీ మనస్సు అదుపు తప్పసాగింది. కొంతకాలం పడక దిగకుండా విలపించేది. పలుమార్లు ఆత్మహత్యకు యత్నించింది. మరికొంతకాలం నిద్ర లేకున్నా అలసట ఎరుగని ఉత్సాహంతో తిరిగేది. 1970లో ఎమ్మీ పురస్కారం అందుకొంటూ వేదికపై పొంతన లేకుండా మాట్లాడింది. మత్తులో ఉన్నదని పలువురు అనుకొన్నారు. అదే ఏడు తొందరపాటుతో చేసుకొన్న వివాహం రెండు వారాలైనా నిలువలేదు. లోకం వీటిని నడవడి దోషాలుగా ఎంచింది. రోగ లక్షణాలుగా గుర్తించలేదు.

1982లో వైద్యులు ఆ వ్యాధిని బైపోలార్ డిజార్డర్‌గా నిర్ధారించారు. దీనిలో ఉన్మాద దశ, కుంగుబాటు దశ అని రెండు దశలుంటాయి. మొదటి దశలో నిద్ర తగ్గుతుంది. మాట వేగం పెరుగుతుంది. ధనం మంచినీళ్లవలె ఖర్చవుతుంది. రెండవ దశలో ఏ పనిమీదా ఆసక్తి ఉండదు, బ్రతుకే భారమనిపిస్తుంది. నిత్యజీవితంలో కలిగే సుఖదుఃఖాలు ఈ వ్యాధి కావు. ఈ దశలు రోజులు, వారాల తరబడి నిలిచి బ్రతుకును తారుమారు చేస్తాయి.

వైద్యులు ఆమెకు లిథియం అనే మందు ఇచ్చారు. ఉన్మాద చికిత్సలో దీని ఉపయోగాన్ని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించాడు. ఇది వ్యాధిని సమూలంగా తొలగించదు. ఆటుపోట్లను అదుపులో ఉంచుతుంది. మోతాదు మించకుండా రక్తపరీక్షలు చేయిస్తూ, వైద్యుని పర్యవేక్షణలో వాడాలి.

తన బాధకు పేరున్నదని, చికిత్స ఉన్నదని తెలిసినపుడు ఆమెకు ఊరట కలిగింది. 1987లో 'కాల్ మీ ఆనా' అనే ఆత్మకథను వెలువరించింది. 'నన్ను ఆనా అని పిలవండి' అని దాని అర్థం. 1990లో అది టెలివిజన్ చిత్రమైంది. బాల్య యౌవన దశలను ఇతర నటీమణులు పోషించగా, తరువాతి దశలో తన పాత్రను తానే ధరించింది. తాను పడిన యాతనను దీపాల వెలుగులో మళ్లీ అనుభవించి చూపడం సామాన్య సాహసం కాదు. అనంతరం మానసిక వ్యాధులపై పరిశోధనకు నిధులు పెంచాలని చట్టసభ సభ్యులను కోరింది. 2016 మార్చి 29న కన్నుమూసింది.

వ్యాధికి పేరు కావాలి. అప్పుడే చికిత్స సాధ్యమవుతుంది. కాని ఆ పేరుతో మనిషిని పిలువరాదు. 'పిచ్చివాడు' అనే ఒక్కమాట రోగిని వైద్యునికి దూరం చేస్తుంది. రోగికి వ్యాధికన్న ముందే ఒక పేరున్నదని ఆనా మేరీ జీవితం మనకు బోధిస్తున్నది.

కఠిన పదాలకు అర్థాలు

మనోవ్యథ : మనస్సులోని బాధ
ఘట్టం : సన్నివేశం
పొంతన : పొందిక
సమూలంగా : వేళ్లతో సహా, పూర్తిగా
యాతన : తీవ్రమైన బాధ

ప్రశ్నలు

1. పాటీ డ్యూక్ ప్రవర్తనను లోకం ఏవిధంగా అపార్థం చేసుకొన్నది?
2. బైపోలార్ డిజార్డర్‌లోని రెండు దశల లక్షణాలను వివరించండి.
3. 'కాల్ మీ ఆనా' అనే పేరులోని ఔచిత్యాన్ని చర్చించండి.