ధ్వనియంత్రాలు – సహృదయ శ్రోతలు

ఉద్దేశం: ధ్వనియంత్రాల అభివృద్ధిలో ఔత్సాహికులు నిర్వహించిన పాత్రను తెలపడం, వినడంలో వివేకాన్ని, బాధ్యతను అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కావ్యానికి కవి ఎంత ముఖ్యుడో సహృదయుడు అంత ముఖ్యుడని మన ఆలంకారికులు భావించారు. సహృదయుడు లేనినాడు కావ్యం అడవిగాచిన వెన్నెలే. ఈ మాట ధ్వనియంత్రాలకు కూడా వర్తిస్తుంది. గ్రామఫోనును, రేడియోను, లౌడ్‌స్పీకరును రూపొందించినవారు శాస్త్రజ్ఞులు, అమ్మినవారు వ్యాపారులు. కాని వాటిలో ఏది నిలవాలో, ఏ రూపు దిద్దుకోవాలో నిర్ణయించడంలో ప్రతిఫలాపేక్ష లేని ఔత్సాహికుల పాత్ర తక్కువేమీ కాదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ సమీపంలో ఫ్రాంక్ కాన్రాడ్ అనే ఇంజనీరు ఉండేవారు. వెస్టింగ్‌హౌస్ సంస్థలో ఉద్యోగం ఆయన వృత్తి. ఇంటి గ్యారేజీలో వైర్‌లెస్ ప్రయోగాలు చేయడం ప్రవృత్తి. 1919లో ఆయన గ్రామఫోను రికార్డులను వైర్‌లెస్ ద్వారా వినిపించసాగారు. తమ ఇళ్లలో స్వయంగా పరికరాలు అమర్చుకొన్న ఔత్సాహికులు వాటిని ఆసక్తితో విన్నారు. తన వద్ద ఉన్న రికార్డులు అయిపోగా, దుకాణం పేరు ప్రకటించాలన్న షరతుపై ఒక వ్యాపారి ఆయనకు రికార్డులు అరువిచ్చాడు. ఆయన వినిపించిన రికార్డులే దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయాయట! 1920లో మరొక దుకాణం ఈ పాటలు వినడానికి వైర్‌లెస్ సెట్లు అమ్ముతామని ప్రకటించింది. ఆ ప్రకటన వెస్టింగ్‌హౌస్ అధికారుల కన్ను తెరిపించింది. 1920 నవంబరు 2న కె.డి.కె.ఎ. రేడియో కేంద్రం ప్రసారాలు ప్రారంభించింది. కొద్దిమంది వేడుకగా మొదలుపెట్టిన పని ఇంటింటి గృహోపకరణానికి దారితీసింది.

మన ప్రాంతానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ఆనాడు మద్రాసు రాజధానిలో భాగాలు. 1924లో మద్రాసులో ఔత్సాహికులు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్’ స్థాపించి, ఆ ఏడాదే ప్రసారాలు ప్రారంభించారు. ధనాభావం వల్ల 1927లో క్లబ్బు మూతపడింది. అయితే వారి ట్రాన్స్‌మిటరు వృథా కాలేదు. దానిని స్వీకరించిన మద్రాసు కార్పొరేషన్ 1930 నుండి ప్రసారాలు సాగించింది. 1938లో అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం వెలిసింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయింది.

ఆ విజయవాడ కేంద్రంలో నాటక ప్రయోక్తగా పనిచేసిన బందా కనకలింగేశ్వరరావుగారు కొల్లేటి ఒడ్డునగల ఆటపాకలో 1907లో జన్మించారు. ఏలూరులో న్యాయవాద వృత్తి చేపట్టినా ఆయన మనసు రంగస్థలం మీదనే ఉండేది. ప్రవృత్తిగా అలవడిన విద్య చివరకు ఒక ప్రసార సంస్థకు ఉపకరించడం గమనింపదగిన విషయం.

ఔత్సాహికుల ప్రభావం రేడియోతో ఆగలేదు. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు, ధ్వనిని వికృతం చేయకుండా పెంచగల ఆంప్లిఫయరు నిర్మాణక్రమాన్ని ఇంగ్లండులోని ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించారు. అనేక దేశాలలో ఔత్సాహికులు దానిని సొంతంగా నిర్మించుకొన్నారు. వారి ఆదరణ చూసి వ్యాపార సంస్థలు దాని విడిభాగాలను, తయారైన యంత్రాలను అమ్మసాగాయి. కాలం చెల్లిందనుకొన్న గ్రామఫోను రికార్డు కూడా అభిమానుల పట్టుదలవల్లనే తిరిగి బ్రతికింది. 2020లో అమెరికాలో రికార్డుల విక్రయం విలువలో సి.డి.లను మించింది.

ఇక మన ఊళ్ల సంగతి చూద్దాం. పద్యనాటకాలు రాత్రంతా సాగే రోజులలో వేలాది ప్రేక్షకులకు నటుని గొంతు వినిపించింది బాకా లౌడ్‌స్పీకరే. అది తక్కువ విద్యుచ్ఛక్తితో ధ్వనిని దూరానికి చేరవేస్తుంది. మాట, రాగాలాపన స్పష్టంగా పలుకుతాయి. మృదంగం ఎడమవైపు పలికే మంద్రనాదం మాత్రం చాలావరకు పోతుంది. సినిమా పాటల మోజు పెరిగినకొద్దీ జనం ఆ మంద్రనాదాన్నే కోరారు. బాకాల పక్కన పెద్దపెద్ద సౌండు బాక్సులు చేరాయి. ఉత్సవ సంఘంవారు కోరినదానినే మైకుసెట్ల దుకాణంవారు తెప్పిస్తారు. దుకాణంవారు తెప్పించేదానినే కర్మాగారంవారు తయారుచేస్తారు. కాబట్టి యంత్రాన్ని మలచినది చివరకు శ్రోత అభిరుచే.

అభిరుచికి ఇంత బలం ఉన్నప్పుడు దానికి బాధ్యత కూడా ఉండాలి. కొల్లేటి లంకవాసులకు ఇది అనుభవైకవేద్యం. రాత్రివేళ నీటిని ఆనుకొన్న గాలి చల్లబడుతుంది. పైగాలి వెచ్చగా ఉంటుంది. అందువల్ల పైకి పోయే ధ్వని క్రిందికి వంగి నీటిమీదుగా బహుదూరం ప్రయాణిస్తుంది. ఒక లంకలో జరిగే సంబరం మరొక లంకలోని రోగికి, పసిబిడ్డకు, పరీక్షకు చదివే విద్యార్థికి నిద్రాభంగమవుతుంది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని సాధారణంగా నిషేధించాయి. నివాస ప్రాంతాలలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదన్నాయి. అయినా, శ్రోతలే బిగ్గరదనాన్ని గొప్పతనమని భావిస్తే నియమాలు కాగితాలకే పరిమితమవుతాయి.

విద్యార్థులారా! యంత్రం కొనేముందు దాని ధరను, పేరును కాదు, అది పలికే స్వరాన్ని పరీక్షించండి. మీకు బాగా తెలిసిన ఒక పద్యాన్ని దానిలో విని, ప్రతి అక్షరం విస్పష్టంగా ఉన్నదేమో చూడండి. నలుగురు మెచ్చినంతమాత్రాన మెచ్చకండి. చక్కగా వినేవారు పెరిగిననాడే చక్కగా పలికే యంత్రాలు పెరుగుతాయి.

కఠిన పదాలు – అర్థాలు

ఔత్సాహికుడు = లాభం ఆశించక ఇష్టంతో ఒక పని చేసేవాడు
ప్రవృత్తి = మనసుకు నచ్చిన వ్యాపకం
మంద్రనాదం = తక్కువ స్థాయిలో పలికే గంభీరమైన ధ్వని
అనుభవైకవేద్యం = అనుభవం చేత మాత్రమే తెలిసేది

అభ్యాసం

I. ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
1. ధ్వనియంత్రాల అభివృద్ధిలో ఔత్సాహికుల పాత్రను వివరించండి.
2. ‘అభిరుచికి బలంతోపాటు బాధ్యత ఉండాలి’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. నాలుగు పంక్తులలో సమాధానం రాయండి.
1. మద్రాసు రేడియో క్లబ్బు కృషి ఎలా కొనసాగింది?
2. కొల్లేటి మీద రాత్రివేళ ధ్వని దూరం వినిపించడానికి కారణమేమి?

III. విడదీసి సంధి పేరు రాయండి.
ప్రతిఫలాపేక్ష, గృహోపకరణం, విద్యుచ్ఛక్తి