పాడి మురుగుకు పచ్చని కుంట



పశువుల కొట్టం కడిగిన నీళ్లలో పేడ, మూత్రం, మేత తుంపులు, ఒలికిన పాలు కలిసి ఉంటాయి. ఆ నీళ్లు చెరువులో పడితే సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తుంది, చేపలు చస్తాయి. నేలలోకి ఇంకితే అమ్మోనియా నైట్రేటుగా మారి బావినీళ్లకు చేరుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని కోల్పోవచ్చు. బావిలో విషమయ్యే ఆ నత్రజనే చేలో ఎరువు. అందుకే పాడి మురుగును శుద్ధి చేయడమంటే అందులోని నత్రజనిని, భాస్వరాన్ని దారిలోనే పట్టుకోవడం.

సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి విడిగా కనిపించనంత చిన్న నాచుకణాలు, బ్యాక్టీరియాతో కలిసి ఈ పని చేస్తాయి. బ్యాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని విడగొట్టి కార్బన్ డయాక్సైడ్‌ను, అమ్మోనియాను వదులుతుంది. నాచు ఎండ సాయంతో ఆ రెండింటినీ తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది. మామూలు శుద్ధి కేంద్రాల్లో కరెంటు ఖర్చు పెట్టి బ్లోయర్లతో ఊదే గాలికి బదులు ఇక్కడ పగటి వెలుగు పనిచేస్తుంది. పైగా చాలా నాచురకాలు తమకు కావలసిన బీ12 విటమిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు, బ్యాక్టీరియా నుంచే పొందుతాయి. అమెరికాలోని బర్క్‌లీలో విలియం ఆస్వాల్డ్ 1950లలో పట్టణ మురుగు మీద ఈ పొత్తును అధ్యయనం చేసి, లోతు తక్కువ కుంటల పద్ధతిని రూపొందించాడు. ముప్పై సెంటీమీటర్ల లోతున, పరుగుపందెం బాటలా చుట్టుతిరిగే కాలువ, అందులో నీటిని మెల్లగా కదిపే తెడ్ల చక్రం: నేటికీ ప్రధాన నమూనా అదే. క్లోరెల్లా, సీనెడెస్మస్ వంటి రకాలు అందులో తమంతట తామే చేరి పెరుగుతాయి. కాబట్టి నాచు విత్తనమని ఖరీదైన సీసాలు అమ్మేవారిని నమ్మి డబ్బు పెట్టనక్కర్లేదు.

పట్టణ మురుగు కంటే పశువుల మురుగు కష్టమైనది. రంగు ముదురు గనుక వెలుగు లోపలికి దిగదు. పట్టణ మురుగులో అమ్మోనియా లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లో ఉంటే, గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి వచ్చే స్లరీలో వందల్లో, ఒక్కోసారి వేయికి పైనే ఉంటుంది. ఆ మోతాదు నాచునే చంపుతుంది. అందుకే వరుస తప్పకూడదు: ముందు పేడముద్దను వేరుచేయాలి, తర్వాత గ్యాస్ తీయాలి, స్లరీని తేర్చి పలుచన చేశాకే కుంటలోకి వదలాలి. పలుచన చేయడానికి కుంటలో శుద్ధయిన నీళ్లనే తిప్పి వాడాలి. దానికోసం బోరు నడిపితే ఒక నష్టాన్ని తప్పించబోయి మరొకటి తెచ్చుకున్నట్టే.

మధ్యాహ్నానికి నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. అది 9 దాటితే భాస్వరం కాల్షియంతో కలిసి అడుగున చేరుతుంది, అమ్మోనియా మాత్రం వాయువై గాలిలో కలుస్తుంది. పరీక్షలో అంకె తగ్గినా అది పట్టుకున్న నత్రజని కాదు, ఊరి గాలిలోకి పోయిన నత్రజని. గోబర్ గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను కుంటలోకి పంపగలిగితే పీహెచ్ అదుపులో ఉంటుంది.

నీరు పచ్చబడటంతో పని పూర్తయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నాచును తీయకుండా వదిలితే అది చచ్చి కుళ్లి, తాగిన నత్రజనినంతా తిరిగి నీటికే ఇస్తుంది. కోతే అసలు శుద్ధి, ఖర్చూ అక్కడే. లీటరు నీటిలో ఉండే పొడి నాచు తరచుగా ఒక గ్రాము కూడా ఉండదు. బ్యాక్టీరియాతో కలిసి గుత్తులు కట్టిన నాచు త్వరగా అడుక్కు దిగుతుంది గనుక తేర్చే తొట్టి ఒకటి తప్పనిసరి. అమెరికాలోని బెల్ట్స్‌విల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మరో దారి పట్టారు. వాలు పలకల మీద పోగుల నాచును పెంచి, పాడి స్లరీని దాని మీదుగా పారించి, నాచును గీకి తీశారు. ఎండిన ఆ నాచు దోస, మొక్కజొన్న నారుకు నెమ్మదిగా అందే ఎరువుగా పనికొచ్చింది.

పెట్టుబడికి ముందు వేయాల్సిన లెక్క ఒకటుంది. చదరపు మీటరుకు రోజుకు పొడి లెక్కన 15 గ్రాముల నాచు పండిందనుకుంటే, అందులో నత్రజని 7 శాతం, అంటే సుమారు ఒక గ్రాము. రోజుకు కిలో నత్రజని పట్టాలంటే వేయి చదరపు మీటర్ల కుంట, అంటే పాతిక సెంట్లు కావాలి. మబ్బు పట్టిన వానాకాలంలో ఇంకా ఎక్కువే. నాలుగైదు గేదెలు, సొంతానికి ఎకరం గడ్డి ఉన్నవారికి ఇంత హంగు అక్కర్లేదు, స్లరీని నేరుగా గడ్డికి పారిస్తే చాలు. మంద పెద్దదై, స్లరీని తీసుకోగల చేను దగ్గరలో లేనివారికే ఈ కుంట. వారు కూడా ముందు చిన్న సిమెంటు తొట్టిలో ఒక వేసవి, ఒక వానాకాలం నడిపి చూడటం మేలు. పీహెచ్, అమ్మోనియా, తెల్లవారుజామున ఆక్సిజన్ రాసిపెట్టుకోవాలి. రాత్రి నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి ఆ వేళకే అది అడుగంటుతుంది. పచ్చదనం ఉన్నట్టుండి పలచబడితే, నాచును మేసే సూక్ష్మజీవులు చేరాయేమో చూడాలి.

గిట్టలు ముంచే మైలుతుత్తం నీళ్లు, కొట్టం కడిగే ఫినాయిలు కుంటలోకి రానివ్వకూడదు, రెండూ నాచుకు విషమే. పశువులకిచ్చిన యాంటీబయాటిక్ అవశేషాలు, రోగక్రిములు, రాగి, జింకు నాచులో మిగిలే వీలుంది. పరీక్ష చేయించనిదే ఆ నాచును మేతగా పెట్టరాదు, ఎరువుగానే వాడాలి.

ఇట్లు,
పెదనాన్న