ట్రాకర్ సిమ్‌కి జీబీలు కాదు, గడువు చూడండి: చిన్న డివైజ్‌లకి డేటా ప్లాన్ ఎంచుకోవడం ఎలా?

పోయిన ఏడాది మా నాన్న బండి పోయింది. అందులో జీపీఎస్ ట్రాకర్ ఉంది. నేనే కొన్నాను, నేనే వైర్లు కలిపాను, సిమ్ కూడా నేనే వేశాను. పొద్దున్నే నాన్న ఫోన్ చేసి "బండి కనబడట్లేదురా, నీ యాప్‌లో ఎక్కడుందో చూడు" అంటే ధీమాగా యాప్ తెరిచాను. మ్యాప్‌లో బండి మా ఇంటి ముందే ఉంది. కింద చిన్న అక్షరాల్లో మాత్రం "చివరి అప్‌డేట్: 9 రోజుల క్రితం" అని ఉంది.

అప్పుడు అర్థమైంది. నేను వేసింది 28 రోజుల ప్లాన్, దాని గడువు అయిపోయింది. గడువు ముగుస్తోందని ఆపరేటర్ మెసేజ్‌లు పంపే ఉంటాడు. కానీ అవి వెళ్లేది ట్రాకర్ లోపలున్న సిమ్‌కి. సీటు కింద డబ్బాకి వచ్చిన మెసేజ్ ఎవరు చదువుతారు? అసలు చిరాకు ఏంటంటే, ఆ ప్లాన్‌లో రోజుకి 1.5 జీబీ ఉండేది. ట్రాకర్ నెల మొత్తం వాడింది 5 ఎంబీ కూడా లేదు. వాడని డేటాకి డబ్బులు కట్టాను, కావాల్సిన గడువుని పట్టించుకోలేదు.

బండి ఇప్పటికీ దొరకలేదు. ఈ ఆర్టికల్ అందుకే. ఇందులో "ఈ నెల బెస్ట్ ప్లాన్ ఇదే" అని చెప్పను, ఎందుకంటే రేట్లు మారిపోతుంటాయి. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకేసారి రేట్లు పెంచడం మనం చూశాం. ఏ ఏడాదైనా పనికొచ్చే పద్ధతి నేర్చుకుందాం.

మొదటి మెట్టు: మీ డివైజ్ నిజంగా ఎంత డేటా వాడుతుంది?

మార్కెట్‌లో దొరికే చవక బండి ట్రాకర్లలో చాలావరకు జీటీ06 ప్రోటోకాల్ వాడతాయి. అందులో ఒక లొకేషన్ ప్యాకెట్ సుమారు 36 బైట్లు. దానికి ఐపీ హెడర్ 20 బైట్లు, టీసీపీ హెడర్ 20 బైట్లు తోడవుతాయి. అందినట్టు సర్వర్ పంపే జవాబు ఇంకో 40 బైట్లు. అన్నీ కలిపి ఒక్కో లొకేషన్‌కి 120 బైట్లు అనుకుందాం.

బండి రోజుకి 2 గంటలు తిరుగుతుంది, కదులుతున్నప్పుడు 10 సెకన్లకోసారి లొకేషన్ పంపుతుంది అనుకుంటే:

- 2 గంటల్లో 720 ప్యాకెట్లు. 720 × 120 = సుమారు 86 కేబీ.
- మిగతా 22 గంటలు "నేను బతికే ఉన్నాను" అని 3 నిమిషాలకోసారి హార్ట్‌బీట్ పంపుతుంది. అవి 440. ఒక్కోటి రానూపోనూ 150 బైట్లు వేసుకున్నా 66 కేబీ.
- మొత్తం రోజుకి 152 కేబీ. నెలకి 4.6 ఎంబీ. ఏడాదికి 55 ఎంబీ.

ఏడాది మొత్తానికి 55 ఎంబీ! ఫోన్‌లో కాసేపు రీల్స్ చూస్తే అయిపోయే డేటా. 24 గంటలూ ఆగకుండా 10 సెకన్లకోసారి పంపే లారీ ట్రాకర్ అనుకున్నా, నెలకి 31 ఎంబీ దాటదు. కాబట్టి ట్రాకర్‌కి రోజువారీ జీబీలిచ్చే ప్లాన్ వేయడమంటే గ్లాసు నీళ్లకి ట్యాంకర్ తెప్పించుకోవడమే.

బీటెక్ ప్రాజెక్ట్ కోసం సొంతంగా డివైజ్ చేస్తున్నవాళ్లకి ఇక్కడో జాగ్రత్త. ఈఎస్‌పీ32కి 4జీ మాడ్యూల్ తగిలించి, నిమిషానికోసారి కొత్త హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ తెరిచి 100 బైట్ల రీడింగ్ పంపుతున్నారు అనుకోండి. ప్రతిసారీ టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్‌కే 5 కేబీ దాకా పోతుంది, ఎక్కువ భాగం సర్టిఫికెట్లే. రోజుకి 1440 సార్లు అంటే 7.2 ఎంబీ, నెలకి 216 ఎంబీ. అదే రీడింగ్‌ని ఎంక్యూటీటీలో, ఒకసారి తెరిచిన కనెక్షన్ మూయకుండా పంపితే నెలకి 10 ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది. ప్లాన్ మార్చే ముందు కోడ్ మార్చండి.

కెమెరా లెక్క మాత్రం పూర్తిగా వేరు. 4జీ సిమ్ కెమెరా 1 ఎంబీపీఎస్‌లో వీడియో పంపితే గంటకి 450 ఎంబీ. రోజంతా పంపితే 10.8 జీబీ! ఏ మామూలు ప్లాన్ అయినా మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టి, రోజుకి అరగంట వీడియో వచ్చిందనుకుంటే 225 ఎంబీ. అప్పుడు రోజుకి 1 లేదా 1.5 జీబీ ప్లాన్ హాయిగా సరిపోతుంది. మిగతాది కెమెరాలోని మెమరీ కార్డ్‌లో రికార్డ్ అయ్యేలా పెట్టుకోండి.

రెండో మెట్టు: గడువు

డేటా సమస్య కాదని తేలింది కాబట్టి, మనం కొనాల్సింది రోజులు. 28 రోజుల ప్లాన్ అంటే నెల అనుకుంటాం. కానీ ఏడాదికి 13 సార్లు రీఛార్జ్ చేయాలి. 200 రూపాయల ప్లాన్ అనుకుంటే ఏడాదికి 2,600. డబ్బుల సంగతి అలా ఉంచి, 13 సార్లు మర్చిపోయే అవకాశం ఉందన్నమాట. 84 రోజుల ప్లాన్‌తో అది నాలుగైదు సార్లకి తగ్గుతుంది. ఏడాది ప్లాన్ అయితే ఒక్కసారే.

అందుకే ట్రాకర్‌కి ప్లాన్లు పోల్చేటప్పుడు "జీబీకి ఎంత" అని చూడకండి. "రోజుకి ఎంత" అని చూడండి. ప్లాన్ ధరని గడువు రోజులతో భాగించండి. ఏడాదికి మొత్తం కలిపి కొన్ని జీబీలే ఇచ్చే ప్లాన్లని ఫోన్ వాడేవాళ్లు పట్టించుకోరు, మన ట్రాకర్‌కి మాత్రం అవే బంగారం.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి.

ఒకటి, డేటా వోచర్. "తక్కువ ధరకే ఇన్ని జీబీలు" అని కనబడుతుంది కదా అని వేసేయకండి. మామూలుగా వీటికి సొంత సర్వీస్ గడువు ఉండదు. కింద బేస్ ప్లాన్ నడుస్తుంటేనే పనిచేస్తాయి.

రెండు, వాయిస్-ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న ప్లాన్లు. డేటా అక్కర్లేనివాళ్ల కోసం ఇలాంటి ప్లాన్లు ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. స్పెషల్ వోచర్ల గరిష్ఠ గడువు కూడా 90 రోజుల నుంచి 365కి పెంచింది. అమ్మమ్మ ఫోన్‌కి ఇవి చక్కగా సరిపోతాయి. ట్రాకర్‌కి వేస్తే మాత్రం మొదటి రోజే యాప్‌లో ఆఫ్‌లైన్. "365 రోజులు" అనే మాట చూసి తొందరపడొద్దు, పక్కన డేటా ఎంతుందో చూడండి.

మూడు, "20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే సిమ్ బతికే ఉంటుంది" అనే మాట. ఇందులో నిజం ఉంది కానీ సగమే. 90 రోజులు వాడకపోయినా, ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే నంబర్ రద్దు చేయకూడదన్నది ట్రాయ్ నియమం. అది నంబర్‌ని కాపాడుతుంది అంతే, డేటా ఇవ్వదు. నంబర్ ఉన్నంత మాత్రాన మ్యాప్‌లో బండి కదలదు.

మూడో మెట్టు: ఏ నెట్‌వర్క్?

సిమ్ కొనే ముందు డివైజ్ 2జీనా, 4జీనా చూడండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే ట్రాకర్లలో ఇంకా 2జీ మాడ్యూళ్లే ఎక్కువ. కాలేజ్ ప్రాజెక్టుల్లో అందరూ వాడే సిమ్800ఎల్ కూడా 2జీయే. జియోకి మొదటి నుంచీ 2జీ లేదు, కాబట్టి వీటిలో జియో సిమ్ వేస్తే నెట్‌వర్కే దొరకదు. ఎయిర్‌టెల్, వీఐ ఇంకా 2జీ నడుపుతున్నాయి. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు మాత్రం 2జీ జోలికి వెళ్లొద్దనే నా సలహా. ఏ7670సీ, ఈసీ200యూ లాంటి క్యాట్-1 4జీ మాడ్యూళ్లు ఉన్నవి చూడండి. ఈ పనికి 4జీలో ఇంతకన్నా వేగం అక్కర్లేదు.

4జీ అని రాసున్నంత మాత్రాన సరిపోదు, బ్యాండ్లు కూడా కలవాలి. దూరం వెళ్లేవి, గోడలు దాటేవి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు. జియోకి 850 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 5. ఎయిర్‌టెల్, వీఐలకి 900, అంటే బ్యాండ్ 8. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700, అంటే బ్యాండ్ 28. బీఎస్ఎన్ఎల్ ప్లాన్లు చవగ్గా ఉంటాయని సిమ్ తెచ్చేముందు, మీ డివైజ్ స్పెక్స్‌లో బ్యాండ్ 28 ఉందో లేదో చూసుకోండి. చవక మాడ్యూళ్లలో చాలాసార్లు అది ఉండదు.

ఇక అసలు పరీక్ష స్పెక్స్‌లో కాదు, పార్కింగ్‌లో. బండి రాత్రిళ్లు ఎక్కడ ఆగుతుందో అక్కడికి ఫోన్ పట్టుకెళ్లి ఏ నెట్‌వర్క్ బాగా వస్తుందో చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ఇది తప్పనిసరి. మాడ్యూల్‌తో పనిచేసేవాళ్లు సీఎస్‌క్యూ కమాండ్ ఇస్తే 0 నుంచి 31 మధ్య అంకె వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 113లో నుంచి తీసేస్తే ఎన్ని మైనస్ డీబీఎంలో తెలుస్తుంది. 10 వస్తే మైనస్ 93 డీబీఎం, ట్రాకర్‌కి పర్లేదు. 5 కన్నా తక్కువైతే వేరే ఆపరేటర్‌ని చూడండి.

నాలుగో మెట్టు: సిమ్ ఎవరి పేరు మీద?

కొన్ని ట్రాకర్లకి కంపెనీయే సిమ్ పెట్టి, మొదటి ఏడాది ఉచితం అంటుంది. సౌకర్యమే. కానీ కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. రెండో ఏడాది నుంచి ఎంత? అందులో సిమ్ ఎంత, సర్వర్ ఫీజు ఎంత? సిమ్ తీసి నాది వేసుకోవచ్చా? మూడో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆలోచించుకోండి.

కంపెనీలు వాడే ఎం2ఎం సిమ్‌లకి 13 అంకెల నంబర్ ఉంటుంది. టెలికాం శాఖ 2018లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇవి ముందుగా నిర్ణయించిన నంబర్లతో, అడ్రస్‌లతో మాత్రమే మాట్లాడాలి. సిమ్ దొంగిలించి ఫోన్‌లో వేసుకున్నా పనికిరాదన్నమాట. పదుల సంఖ్యలో డివైజ్‌లు పెట్టే స్టార్టప్‌లకి ఇవే సరైన దారి. ఒకటో రెండో పెట్టుకునే మనలాంటివాళ్లకి మామూలు ప్రీపెయిడ్ సిమ్ చాలు. మీ ఆధార్‌తో, మీ పేరు మీదే తీసుకోండి. ఒకరి పేరు మీద 9 సిమ్‌ల వరకే అనుమతి కాబట్టి, ఇప్పటికే ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. షాపతను ఎవరి పేరు మీదో ఉన్న సిమ్ ఇస్తే వద్దనండి. అది మీ బండి ఎక్కడ తిరుగుతోందో చెప్పే సిమ్!

ఐదో మెట్టు: బిగించే ముందు

- కొత్త సిమ్‌ని ముందు ఫోన్‌లో వేసి, యాక్టివేషన్ పూర్తి చేసి, డేటా వస్తోందో లేదో చూడండి. సిమ్ పిన్ ఉంటే తీసేయండి.
- ఏపీఎన్ సెట్ చేయండి. జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా కొట్టాలి.
- చాలా ట్రాకర్లకి సెట్టింగులు ఎస్ఎంఎస్‌తోనే మార్చాలి. జవాబు కూడా ఎస్ఎంఎస్‌లోనే వస్తుంది. అందుకే ప్లాన్‌లో కొన్ని ఎస్ఎంఎస్‌లు ఉండేలా చూసుకోండి.
- బండి కుదుపులకి అడాప్టర్‌లో పెట్టిన నానో సిమ్ కదిలిపోతుంది. డివైజ్‌కి ఏ సైజు కావాలో ఆ సైజు సిమ్మే వేయండి.

ఏ డివైజ్‌కి ఏది? ఒక్క చూపులో

బండి, కారు ట్రాకర్: డేటా ఎంత తక్కువైనా పర్లేదు, గడువు వీలైనంత ఎక్కువ.

పొలంలో మోటార్ స్టార్టర్, సెన్సర్: ఇదే సూత్రం. కాకపోతే పొలం దగ్గర ఏ సిగ్నల్ వస్తుందో దాన్ని బట్టే ఆపరేటర్.

పిల్లల 4జీ వాచ్: కాల్స్ ముఖ్యం కాబట్టి వాచ్ ఏ ఆపరేటర్ వోల్టీతో పనిచేస్తుందో ముందు కనుక్కోండి. వాయిస్, కొంచెం డేటా రెండూ ఉన్న ప్లాన్ వేయండి.

4జీ కెమెరా: ఇక్కడ మాత్రమే రోజువారీ జీబీలు చూడాలి.

తాళాలకి, బ్యాగ్‌కి ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్యాగ్: సిమ్ అక్కర్లేదు, ప్లాన్ అక్కర్లేదు. చుట్టుపక్కల ఫోన్ల సాయంతో పనిచేస్తుంది కాబట్టి, ఫోన్లు లేని చోట లొకేషన్ అందదు.

చివరి మాట

నాన్న కొత్త బండిలో మళ్లీ ట్రాకర్ పెట్టాను. ఈసారి ఏడాది ప్లాన్ వేసి, ఆ నంబర్‌ని నా ఫోన్‌లోని ఆపరేటర్ యాప్‌లో జత చేశాను. గడువుకి పది రోజుల ముందు నాకో, నాన్నకో కాదు, ఇద్దరికీ మోగేలా క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టాను. ట్రాకర్ యాప్‌లో "ఆఫ్‌లైన్ అలర్ట్" అనే ఆప్షన్ ఉంది. పాత బండి పోయినప్పుడు కూడా అది ఉంది, నేనే ఆన్ చేయలేదు.

మీ ఇంట్లో ఏ బండిలోనైనా ట్రాకర్ ఉంటే, ఇప్పుడే యాప్ తెరవండి. మ్యాప్‌లో బండి ఎక్కడుందో తర్వాత చూద్దురు గాని, ముందు "చివరి అప్‌డేట్" ఎప్పటిదో చూడండి.