ఆచార్యుడికి సిక్కోలు ఇచ్చిన సీటు

విజయనగరం దగ్గరి పల్లెలో నాకు తెలిసిన మేష్టారొకరు త్వరలో రిటైరవుతున్నారు. పంచాయతీ ఎన్నికల్లో నిలబడమని ఊరివాళ్లు పట్టుబడుతున్నారు. ఆయనకేమో బెంగ. "బడి తప్ప నాకేటి తెలుసు బాబూ? ఈ వయసులో మళ్లీ అఆలు దిద్దాలా?" అన్నారు.

అప్పుడాయనకు ఆచార్య ఎన్.జి. రంగా గురించి చెప్పాను.

1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన రైతుబిడ్డ రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. రాజకీయాల్లోకి వెళ్లాక పాఠం చెప్పడం మానేశారనుకుంటాం. మానలేదు. సొంతూళ్లో రైతు విద్యాలయం పెట్టి, పల్లె కుర్రాళ్లను కూర్చోబెట్టి అర్థశాస్త్రమూ రాజకీయమూ నేర్పారు. ఎదుటివాడికి తెలియనిదేదో కనిపెట్టడం, వాడి భాషలో విడమరచడం, చివరికి వాడే లేచి మాట్లాడేలా చేయడం మేష్టారి విద్య. రంగా దాన్ని తరగతి గదిలో వదిలి రాలేదు, రైతు సభలకు వెంట తీసుకెళ్లారు. పేరు ముందు ఆచార్య అన్న మాట జీవితాంతం నిలిచింది అందుకేనని నా నమ్మకం.

1959లో సహకార వ్యవసాయం విషయంలో నెహ్రూతో విభేదించి కాంగ్రెస్‌ను వదిలారు. రాజాజీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు.

1967 ఎన్నికల్లో చిత్తూరులో ఓడిపోయారు. అరవై ఆరేళ్ల వయసులో ఓటమి ఎవరినైనా కుంగదీస్తుంది. అదే ఎన్నికల్లో సిక్కోలులో, అంటే శ్రీకాకుళంలో, స్వతంత్ర పార్టీ తరఫునే లోక్‌సభకు గెలిచిన వ్యక్తి సర్దార్ గౌతు లచ్చన్న. ఆ జిల్లా బారువ ఊరి బిడ్డ, ఉప్పు సత్యాగ్రహం నాటి యోధుడు. రంగాను గురువుగా కొలిచినవాడు. తాను గెలిచిన సీటుకు రాజీనామా చేసి, గురువును నిలబెట్టాడు. ఎక్కడో గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయనను ఉప ఎన్నికలో సిక్కోలు ఓటర్లు గెలిపించి ఢిల్లీ పంపారు.

ఈ సంగతి తలచుకున్న ప్రతిసారీ నాకు గుండె నిండుతుంది. గెలిచిన పదవిని చేత్తో తీసి ఇవ్వడం మాటలా? లచ్చన్న మనసు ఎంత పెద్దదో, అలాంటి మనిషి అభిమానం సంపాదించుకున్న రంగా జీవితం అంత విలువైనది. ఆ అభిమానం ప్రచారంతో వచ్చింది కాదు. ఏళ్ల తరబడి చెప్పిన పాఠాలూ, కలిసి నడిచిన పోరాటాలూ ఆ ఒక్క రోజున అక్కరకొచ్చాయి.

తర్వాత 1980, 84, 89లలో రంగా గుంటూరు నుంచి గెలిచారు. ఈవేళ శ్రీకాకుళం దగ్గరి నైర వ్యవసాయ కళాశాల ఆయన పేరుమీదున్న విశ్వవిద్యాలయంలో భాగం.

మేష్టారితో నేనన్నాను: "కొత్తగా నేర్చుకోవలసినవి ఉంటాయి, నిజమే. పంచాయతీ చట్టం చదవాలి, నిధుల లెక్క తెలియాలి. అవి ఆర్నెల్ల పని. ముప్ఫై ఏళ్ల పని మీరు ముందే చేసేశారు. ఒక పుస్తకం తీసి, మీ దగ్గర చదివి ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్ల పేర్లు రాయండి."

వారం తర్వాత ఫోన్ చేశారు. నాలుగు పేజీలు నిండాయట. రెండో పేజీలో, ఎప్పుడో మధ్యలో బడి మానేసిన పిల్ల పేరు దగ్గర ఆగి, ముందు వాళ్లింటికే వెళ్లొచ్చారట.