నీడ కొలిచిన పిల్లలు కోణానికి భయపడరు

జ్యామితిలో వెనకబడ్డ పిల్లలకు ఇంకో ట్యూషన్ పెట్టేముందు ఓ మీటరు కర్ర చేతికివ్వండి. మన డాబా మీద సోలార్ ప్యానెల్‌ను ఎంత వాలులో పెట్టాలో తేల్చమనండి. ఈ ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. ఎండలోకి వెళ్లాల్సిందే.

కర్రను నిటారుగా నిలబెట్టాలి. రాయి కట్టిన దారం పక్కన వేలాడదీస్తే అది ఒరిగిందో లేదో తెలుస్తుంది. పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. అన్నిటికంటే పొట్టి నీడ పడిన క్షణమే అసలు మధ్యాహ్నం. హైదరాబాద్‌లో డిసెంబరు 21న అది పన్నెండు దాటిన పావుగంటకు వస్తుంది. ఎందుకంటే మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, హైదరాబాదేమో 78.5 దగ్గరుంది. ఇది పిల్లలు అడిగాకే చెప్పండి. తప్పకుండా అడుగుతారు.

ఆ రోజు నీడ సుమారు 86 సెంటీమీటర్లు. మార్చి 21న 31. కర్ర, నీడ, ఎండ కిరణం కలిసి లంబకోణ త్రిభుజమైంది కదా! మార్చి నీడను కర్ర పొడవుతో భాగించి టాంజెంట్ పట్టిక చూస్తే 17 డిగ్రీల పైచిలుకు వస్తుంది. అదే హైదరాబాద్ అక్షాంశం. సోషల్ పుస్తకంలో బట్టీ పట్టిన అంకెను సొంతంగా కనుక్కున్న పిల్లకు తన మీద తనకు కలిగే నమ్మకం ఏ ప్రసంగం వల్లా రాదు.

అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. డిసెంబరు నీడతో ఇదే లెక్క చేస్తే 41 డిగ్రీలు వస్తుంది కాబట్టి, చలికాలం ఎండ పూర్తిగా అందాలంటే ప్యానెల్‌ను దక్షిణానికి అంత వాల్చాలని ఒకరంటారు. మరి జూన్ 21న? అప్పుడు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, ఆ ప్యానెల్‌కు మధ్యాహ్నం ఎండలో 68 శాతమే అందుతుంది. చదునుగా పడుకోబెడితే డిసెంబరులో 76 శాతమే. అక్షాంశానికి సమానంగా వాలిస్తే రెండు రోజుల్లోనూ 92! అంతా కొసైన్ పట్టికలోంచి తీసిన అంకెలే. గొంతు పెంచినవాడు కాక లెక్క చూపినవాడు గెలిచే వాదన ఇది. తన మాటకు ఆధారం చూపడం, ఎదుటివాడి లెక్క సరైనదైతే ఒప్పుకోవడం పదమూడేళ్లకే అలవాటైతే అంతకన్నా వ్యక్తిత్వ వికాసం ఏముంటుంది?

పెద్దలు చేయాల్సింది రెండే. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని ముందే గట్టిగా చెప్పడం. ఆ తర్వాత నోరు మెదపకపోవడం. కొలత తప్పితే వాళ్లే మళ్లీ కొలుస్తారు. కర్రను క్లాస్ ఫస్టుకు కాకుండా వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునే పిల్లకివ్వండి.

హెడ్మాస్టర్లకు ఓ విన్నపం: వచ్చే డిసెంబరు 21న రెండు గంటలపాటు బడి డాబా తాళం తీయించండి. పిట్టగోడ లేకపోతే ఆటస్థలమైనా చాలు.