నిమిషం ఎక్కడ మొదలవుతుంది?

చిలకలూరిపేట దగ్గర మన ఊరి నుంచి

మనవరాలికి,

టెక్సస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మొదలుపెట్టావట, మీ నాన్న చెప్పాడు. అది చేతికొచ్చాక ఇక్కడికి వచ్చి డీజీసీఏ లైసెన్సు పరీక్షలకు కూర్చుంటావు కాబట్టి ఒక మాట ఇప్పుడే చెవిన వేస్తున్నాను. దిగే వంతు కోసం గాల్లో చక్కర్లు కొట్టే హోల్డింగ్ అక్కడిదీ ఇక్కడిదీ కాగితం మీద కవలపిల్లలు. గాలి వీస్తేనే పెద్ద తేడా బయటపడుతుంది.

రెండు చోట్లా మామూలుగా కుడి మలుపులే. 14,000 అడుగుల దాకా నిమిషం, ఆపైన నిమిషంన్నర. అయితే ఆ నిమిషాన్ని అమెరికా, ఫిక్స్ అనే గుర్తు బిందువు వైపు వచ్చే ఇన్‌బౌండ్ లెగ్ మీద లెక్కిస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 8168 పత్రం, దాన్ని అనుసరించే మన దేశం ఫిక్స్ నుంచి దూరంగా పోయే అవుట్‌బౌండ్ లెగ్ మీద లెక్కిస్తాయి. ఫిక్స్‌కు సరిగ్గా పక్కకు వచ్చినప్పుడు, లేదా అవుట్‌బౌండ్ హెడింగ్ కుదిరినప్పుడు, ఏది తర్వాత జరిగితే అప్పుడు గడియారం నొక్కాలి.

నీ విమానం వేగం 120 నాట్లు, ఇన్‌బౌండ్‌లో ఎదురుగాలి 20 నాట్లు అనుకో. పోయేటప్పుడు నేల మీద వేగం 140, వచ్చేటప్పుడు 100. మలుపుల్లో గాలి నెట్టేదాన్ని పక్కన పెడితే, మన లెక్కలో నిమిషం పోయినదానివి తిరిగి రావడానికి 84 సెకన్లు పడుతుంది. అమెరికా లెక్కలో ఇన్‌బౌండ్ నిమిషం రావాలంటే 43 సెకన్లకే తిరగాలి. మన నియమమూ గాలికి తగ్గట్టు హెడింగునీ సమయాన్నీ సవరించుకోమనే చెబుతుంది, కాకపోతే గడియారం మొదలయ్యే చోటు వేరు. పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే.

వేగ పరిమితులూ వేరే. 14,000 అడుగుల లోపు ఐకావో పరిమితి 230 నాట్లు. అమెరికాలో 6,000 అడుగుల దాకా 200 నాట్లే. ఐకావో ప్రకారం మలుపులో 25 డిగ్రీల బ్యాంక్, లేదా సెకనుకు 3 డిగ్రీల తిరుగుడు, ఏది తక్కువ బ్యాంక్‌తో అయితే అది. నీ చిన్న విమానానికి రెండోది వర్తిస్తుంది, సుమారు 18 డిగ్రీలు చాలు. ఈ అంకెల్ని బట్టీ పట్టకు. చార్టు గీసినవాడు వీటిని నమ్ముకునే హోల్డింగ్ చుట్టూ రక్షిత ప్రాంతాన్ని గీస్తాడు, అందులోని ఎత్తైన అడ్డంకికి పైన 300 మీటర్లు వదులుతాడు. నువ్వు 260 నాట్లతో తిరిగితే ఆ గీత దాటి బయటికి పోవచ్చు. అక్కడ నీ కింద ఆ 300 మీటర్ల ఖాళీ ఉంటుందన్న హామీ లేదు.

గీతలు దేశానికో రకంగా ఉంటాయని కూడా గుర్తుపెట్టుకో. రన్‌వేను చూస్తూ చుట్టూ తిరిగి దిగే సర్క్లింగ్ అప్రోచ్‌లో సీ కేటగిరీ విమానానికి ఐకావో లెక్కలో సుమారు 4.2 నాటికల్ మైళ్ల వ్యాసార్ధం రక్షితం. అమెరికా పాత కొలతలో అది 1.7 మాత్రమే. దక్షిణ కొరియా బూసాన్‌లో అప్రోచ్‌ను ఆ అమెరికా కొలతలతోనే గీశారు. 2002 ఏప్రిల్ 15న ఎయిర్ చైనా 129 అక్కడ సర్క్లింగ్ చేస్తూ కొండను ఢీకొట్టింది. 166 మందిలో 129 మంది పోయారు. ఆ రకం విమానానికి కనీస వాతావరణ పరిమితులు ఏమిటో సిబ్బందికి తెలియలేదని, రన్‌వే కనుమరుగైనా మిస్డ్ అప్రోచ్ చేయలేదని దర్యాప్తు తేల్చింది. నీ బ్యాచ్‌లో అందరూ చదవాల్సిన నివేదిక అది.

ఇక మన వైపు. చలికాలంలో గన్నవరం విమానాశ్రయం మీద పొగమంచు కమ్మితే విమానాలు చక్కర్లు కొడతాయని పేపర్లో రాస్తారు. గుంటూరు మిర్చి యార్డు బయట సీజన్‌లో లారీలు బారులు తీరినట్టే ఉంటుంది, కాకపోతే లారీ ఇంజను ఆపుకోగలదు. పైన ఉన్నవాడు ఆపలేడు, ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. ఐఎల్ఎస్ కేటగిరీ ఒకటిలో 200 అడుగుల కన్నా కిందికి దిగాలంటే రన్‌వేనో దాని దీపాలో కంటపడాలి. కనపడకపోతే పైకి లేచి, జెట్ అయితే అరగంట ఇంధనం చేతిలో ఉంచుకుని, మరో విమానాశ్రయం చూసుకోవాలి.

‘అద్దంకి దగ్గర హైవే మీద దిగొచ్చు కదా తాతయ్యా’ అని అడిగావు పోయినసారి. కొరిశపాడు దగ్గర 4.1 కిలోమీటర్ల కాంక్రీటు ఉంది నిజమే, 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు అక్కడ దిగి చూపించాయి. కానీ పౌర విమానానికి అక్కడ అప్రోచ్ చార్టు లేదు. దొనకొండలో బ్రిటిష్ కాలపు పాత రన్‌వే కూడా అలాంటిదే. చార్టు లేని చోట మంచులో ఎంత పొడుగు కాంక్రీటున్నా నీకు పనికిరాదు.

పైన చెప్పిన 20 నాట్ల గాలిని ఈసారి ఇన్‌బౌండ్‌కు వెనక నుంచి పెట్టి, రెండు లెక్కలూ గీసి పంపు. మలుపుల్లో గాలి ఎంత నెట్టిందో కూడా వేయి. చూసి జవాబు రాస్తాను.

తాతయ్య